లైసెన్సు ఎవరి కోసం? - ఆస్ట్రేలియా ఇన్సులేషన్ పథకం చెప్పే చరిత్ర

లైసెన్సు అనే మాటకు మనలో మంచి పేరు లేదు. ఆ మాట వినగానే గుమస్తా బల్ల, లంచం, నెలల తరబడి తిరుగుడు గుర్తుకొస్తాయి. స్వేచ్ఛా వ్యాపారవాదులు దాన్ని 'లైసెన్స్ రాజ్' అనే తిట్టుగా మార్చారు. అభ్యుదయవాదులమైన మనం కూడా ఆ తిట్టును సగానికి సగం ఒప్పుకున్నట్టే వ్యవహరిస్తున్నాం. అయితే లైసెన్సు అనేది ఎవరి నుంచి ఎవరిని కాపాడటానికి పుట్టింది అనే ప్రశ్నను చారిత్రకంగా పరిశీలించక తప్పదు. అందుకు 2009-10లో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక ఘట్టాన్ని తీసుకుంటున్నాను.

2008 నాటి ప్రపంచ ఆర్థిక సంక్షోభాన్ని ఎదుర్కోవటానికి అక్కడి లేబర్ ప్రభుత్వం, కెవిన్ రడ్ ప్రధానిగా, 2009 ఫిబ్రవరి 3న 4,200 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల ప్రణాళికను ప్రకటించింది. అందులో ఒక భాగం ఇళ్ళ పైకప్పుల కింద ఇన్సులేషన్ పరిచే పథకం. దాదాపు 27 లక్షల ఇళ్ళకు ఈ పని చేయించాలని సంకల్పించారు. కరెంటు ఖర్చు తగ్గుతుంది, ఇల్లు చల్లగా ఉంటుంది, పని లేనివారికి పని దొరుకుతుంది. ఈ లక్ష్యాలను తప్పుపట్టవలసిన అవసరం ఏ అభ్యుదయవాదికీ లేదు. ప్రశ్నంతా పని ఎవరి చేత, ఏ పరిస్థితుల్లో చేయించారన్నదే.

ముందు ఆ పని స్వరూపం తెలియాలి. పైకప్పుకూ దాని కింది సీలింగుకూ మధ్య ఉండే ఇరుకు జాగాలోకి మనిషి దూరాలి. అక్కడ నిలబడటానికి వీలుండదు; మోకాళ్ళ మీద పాకుతూ గాజుపీచు పరుపులను గాని, పలుచని అల్యూమినియం రేకును గాని పరచాలి. వేసవిలో అక్కడి వేడి బయటి ఎండను మించుతుంది. ఇంటి కరెంటు తీగలు చాలావరకు ఆ జాగాలోంచే పోతాయి. అల్యూమినియం విద్యుత్ వాహకం. రేకును దూలానికి బిగించే లోహపు పిన్ను ఒక్కటి తీగ తొడుగును చీల్చి లోపలికి దిగితే చాలు, పరచిన రేకంతా విద్యుత్తుతో నిండుతుంది. చెమటతో తడిసిన మనిషి దాని మీదే పాకుతూ ఉంటాడు. పనికి ముందు మెయిన్ స్విచ్ ఆపితే ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. కాని ఆపాలని ఆ కుర్రవాడికి ఎవరో ఒకరు చెప్పి ఉండాలి, ఆపారో లేదో ఎవరో ఒకరు చూడాలి.

ఆస్ట్రేలియాలో ఎలక్ట్రీషియన్‌కు లైసెన్సు తప్పనిసరి. ఇన్సులేషన్ పరిచేవాడికి మాత్రం 2009లో దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలో తప్ప మరెక్కడా అవసరం ఉండేది కాదు. ఎందుకు? అది నైపుణ్యం అక్కరలేని పని అని అందరూ అనుకున్నారు. ఈ అభిప్రాయంలోనే వర్గదృష్టి దాగి ఉన్నదని నేనంటాను. ఒక పనిలో ప్రమాదం ఎంత ఉన్నదో చూడకుండా, అది చేసేవాడికి కూలి ఎంత తక్కువో చూసి దాని నైపుణ్యాన్ని నిర్ణయించటం పాత అలవాటు.

ఆ దేశానికి ఈ అలవాటు ఫలితం ముందే తెలియదా అంటే, తెలుసు. 1968లో కాన్‌బెర్రాలో ఒక కాంట్రాక్టరు ఇళ్ళ సీలింగుల మీద పొడి ఆస్బెస్టాస్ పీచును ఊదటం మొదలుపెట్టాడు. అదే సంవత్సరం ఆరోగ్యశాఖ అధికారి ఒకరు ఆ పని ప్రమాదకరమని, మాన్పించాలని నివేదిక రాశాడు. అయినా పని 1979 దాకా సాగింది. ఆ పీచున్న సుమారు వెయ్యి ఇళ్ళను కొని కూల్చివేయాలని 2014లో నిర్ణయించవలసి వచ్చింది. కాంట్రాక్టరును ఆపే అధికారం కాగితం మీద లేనప్పుడు, హెచ్చరిక ఎంత సరైనదైనా దస్త్రంలోనే ఉండిపోతుందని ఈ చరిత్ర చెబుతున్నది.

2009 పథకం జులై 1న పూర్తిగా అమలుకు వచ్చింది. ఇంటికి 1,600 డాలర్ల వరకు ప్రభుత్వం నేరుగా కాంట్రాక్టరుకే చెల్లిస్తుంది. నవంబరులో దాన్ని 1,200కు తగ్గించారు. కాంట్రాక్టరు ప్రభుత్వ జాబితాలో పేరు నమోదు చేసుకోవాలి. చిన్న పరిశ్రమ ఒక్కసారిగా వేలాది సంస్థల రంగమైంది. నిన్నటి దాకా మరేదో వ్యాపారం చేసినవారు కూడా ఇన్సులేషన్ కాంట్రాక్టర్లయ్యారు.

ఈ ఘట్టంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒక మాట మార్పు. ఇన్సులేషన్ పరిచే ప్రతి ఒక్కరికీ శిక్షణ ఉండాలని మొదట అనుకున్నారు. పథకం మొదలు కాకముందే ఆ నిబంధన సడలింది. శిక్షణో, తగిన అనుభవమో పర్యవేక్షకుడికి ఉంటే చాలునన్నారు. ఆ పర్యవేక్షకుడు పని జరిగే చోటనే ఉండి తీరాలని గట్టిగా చెప్పలేదు. 'ప్రతి పనివాడు' అన్న చోట 'పర్యవేక్షకుడు' వచ్చి కూర్చున్నాడు. వాక్యంలోంచి తప్పుకున్న పనివాడు సీలింగు మీద మాత్రం అలాగే ఉన్నాడు.

ఇక ఇంటి యజమాని సంగతి. తన డబ్బుతో పని చేయించుకునేవాడు నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. పైకెక్కేది ఎవరు? అతనికి పని వచ్చా? తీగలు ఎవరు చూశారు? ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? ఇక్కడ చాలామందికి జేబులోంచి పైసా పోలేదు కాబట్టి అడగవలసిన అవసరం కనిపించలేదు. పైగా కాంట్రాక్టరు పేరు ప్రభుత్వ జాబితాలో ఉన్నది. ఆ జాబితా నిజానికి డబ్బు చెల్లించటానికి పెట్టుకున్న పట్టిక. జనం దాన్ని యోగ్యతాపత్రంగా చదివారు. లైసెన్సు లేని చోట జాబితాయే లైసెన్సు వేషం కట్టింది.

2009 అక్టోబరు 14న క్వీన్స్‌లాండ్‌లో 25 ఏళ్ళ యువకుడు రేకు పరుస్తూ విద్యుద్ఘాతంతో చనిపోయాడు. లోహపు పిన్నులను నవంబరు 1 నుంచి నిషేధించారు. నవంబరు 18న అదే రాష్ట్రంలో రాక్‌హాంప్టన్ సమీపాన 16 ఏళ్ళ కుర్రవాడు విద్యుద్ఘాతానికే బలయ్యాడు. మూడు రోజులకు సిడ్నీలో 19 ఏళ్ళ యువకుడు సీలింగు వేడికి తాళలేక మరణించాడు. 2010 ఫిబ్రవరి 4న క్వీన్స్‌లాండ్ ఉత్తర ప్రాంతంలో 22 ఏళ్ళ యువకుడు మళ్ళీ రేకు పరుస్తూనే చనిపోయాడు. పరిచేవారందరికీ శిక్షణ తప్పనిసరి అయ్యేసరికి 2010 ఫిబ్రవరి వచ్చింది. ఫిబ్రవరి 19న పథకమే రద్దయింది. ఈ పనితో ముడిపడిన ఇంటి మంటలు రెండు వందలకు పైగా లెక్కకు వచ్చాయి.

ప్రభుత్వం మారాక, 2013 డిసెంబరులో, ఇయాన్ హాంగర్‌తో రాయల్ కమిషన్ వేశారు. పథకాన్ని సరిగా రూపొందించి అమలు చేసి ఉంటే ఈ మరణాలు జరిగేవి కావని కమిషన్ 2014లో తేల్చింది. శిక్షణ నిబంధనను సడలించటాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఈ చావులను చూపి, ప్రభుత్వం ఇలాంటి పనుల్లో వేలు పెట్టకూడదని మితవాదులు వాదించారు. తప్పంతా అత్యాశపరులైన కాంట్రాక్టర్లదేనని ఇటువైపు కొందరు సరిపెట్టుకున్నారు. ఈ రెండు వాదాలూ అసలు విషయాన్ని దాటవేస్తున్నాయి. ప్రభుత్వం డబ్బుతో రంగంలోకి దిగి, అదుపును మార్కెట్టుకు వదిలింది. ఖర్చులో సోషలిజం, భద్రతలో స్వేచ్ఛా వ్యాపారం! ఈ రెంటి మధ్య నలిగింది ఎవరో పైన చెప్పిన వయస్సులే చెబుతున్నాయి.

రచయితలకు ఇందులో మరింత దగ్గరి పాఠం ఒకటి ఉన్నది. ఈ పథకానికి బాధ్యుడైన మంత్రి పీటర్ గారెట్. 'మిడ్‌నైట్ ఆయిల్' బృందంలో ఆదివాసుల భూమి కోసం, పర్యావరణం కోసం పాడి ప్రపంచ ఖ్యాతి పొందిన గాయకుడు. 2004లో పార్లమెంటుకు వెళ్ళాడు. ఆయన శాఖలో పర్యావరణంతో పాటు కళలు కూడా ఉన్నాయి. భద్రతను గురించి 2009లో ప్రధానికి లేఖలు రాశాడు కూడా. ఆయన చిత్తశుద్ధిని నేను శంకించటం లేదు. కాని గొంతులో ఉన్న అభ్యుదయం నిబంధనలోకి దానంతట అది దిగదని ఈ ఘట్టం రుజువు చేస్తున్నది.

శ్రమజీవిని గురించి మనం కథలు రాస్తాం, కవిత్వం రాస్తాం. అతని బతుకును నిర్ణయించే వాక్యాలను మాత్రం గుమస్తాలకూ సలహాదారులకూ వదిలేస్తాం. టెండరు షరతు, పని ఒప్పందం, లైసెన్సు నిబంధన - ఇవన్నీ భాషలో రాసినవే. వాటిలో కర్త ఎవరు, కర్మ ఎవరు, ఎవరి పేరు కొట్టివేశారు అని పట్టుకోగల చదువు మనకున్నది. ఆ చదువును సాహిత్య గ్రంథాలకే పరిమితం చేయటం న్యాయం కాదు. విమర్శకుడు చదవవలసిన పాఠ్యాలలో కాంట్రాక్టు కాగితం కూడా ఒకటి.