కుందేలు కడుపులో గత్తర గుట్టు

కుందేలు పొట్ట తెరిచి ఉంది. చిన్నపేగు మీద ఒక ముడి. కాస్త ఎడంగా రెండోది. మధ్యలో జానెడైనా లేని ముక్క. సూది దిగింది. సిరంజిలో ఉన్నవి బతికున్న కలరా క్రిములు. పొట్ట కుట్టేసి చేతులు కడుక్కున్నాడు డాక్టర్ శంభునాథ్ డే. ఇక రేపు ఇదే వేళ దాకా చేసేదేం లేదు.

కలకత్తా. 1950ల మొదలు. నీల్ రతన్ సర్కార్ మెడికల్ కాలేజీ. గదిలో స్పిరిట్ వాసన, దాని అడుగున కుందేళ్ల బోను వాసన. బయట ఊళ్లో కలరా కొత్తేం కాదు. ఒంట్లోంచి బియ్యం కడిగిన నీళ్లలాంటిది గంటకు లీటరు దాకా ధార కడుతుంది, కళ్లు గుంటలు పడతాయి, వేళ్ల చర్మం ముడతలు తేలుతుంది, గొంతు పీలగా మారుతుంది, పొద్దున లేచి తిరిగిన మనిషి దీపాలు పెట్టే వేళకి చాపలో చుట్టుకుపోతాడు. మన తెలంగాణ పల్లెలు దీన్నే గత్తర అన్నాయి. 1884లో రాబర్ట్ కాక్ ఇదే ఊళ్లో ఈ క్రిమిని పట్టాడు. ఇదేదో విషం కక్కుతోందనీ అన్నాడు. క్రిమి దొరికింది. విషం దొరకలేదు.

ఎందరో వెతికారు. జంతువుల నరాల్లోకి, పొట్ట కుహరంలోకి క్రిముల్ని ఎక్కించారు. చచ్చేవి చచ్చాయి గానీ, కలరా విరేచనం మాత్రం రాలేదు. డేకి అక్కడే అనుమానం. జబ్బు పేగులో ఉంటే వెతుకులాట ఇంకెక్కడో ఎందుకు?

మర్నాడు. కుట్లు విప్పాడు. కట్టిన ముక్క ఉబ్బి, బిగిసి ఉంది. సూది గుచ్చి లాగితే సిరంజిలోకి ఎక్కింది... బియ్యం కడిగిన నీళ్లే!

1953లో ఆ సంగతి అచ్చయింది. అయినా ఒక ముల్లు మిగిలింది. ఆ పని క్రిమిదా, అది కక్కిన విషానిదా? విషం క్రిమి ఒంట్లోనే ఉంటుందని, అది చస్తేనే బయటపడుతుందని అప్పటి పెద్దల మాట. డే క్రిముల్ని పెప్టోన్ నీళ్లలో పెంచాడు. వడగట్టాడు. క్రిములు పైన. తేట కింద. ఆ తేటని కుందేలు పేగులోకి ఎక్కించాడు. మళ్లీ ఎదురుచూపు.

మళ్లీ ఉబ్బింది.

క్రిమి ఒక్కటీ లేదు. కలరా మాత్రం వచ్చింది. 1959 మే 30 'నేచర్' పత్రికలో చిన్న వ్యాసం. కాక్ మాటకి రుజువు రావడానికి 75 ఏళ్లు పట్టింది, అదీ దారప్పోగుతో, కుందేలుతో.

ఆ విషాన్ని శుద్ధి చేయాలి. దానికి కావలసిన సరంజామా డే చేతిలో లేదు. 1969లో ఆ పని అమెరికాలో రిచర్డ్ ఫింకెల్‌స్టైన్ చేశాడు. డే 1973లో రిటైరయ్యాడు. ఇక ఆయన కథ ముగిసినట్టే అనుకుంటుంటే స్టాక్‌హోమ్ నుంచి పిలుపొచ్చింది.

1978. కలరా మీద నోబెల్ సింపోజియం. అరవైమూడేళ్ల డే మాట్లాడాడు. 1960ల మొదట్లోనే తాను చచ్చిపోయాననీ, ఈ సింపోజియం కమిటీవాళ్లే గోతిలోంచి తవ్వి తీశారనీ అన్నాడు.

ఆ తర్వాత ఇంకో ఏడేళ్లు బతికాడు. మన దేశంలో ఏ సైన్స్ అకాడమీ ఫెలోషిప్పూ ఆ ఏడేళ్లలోనూ రాలేదు.