బందరు అద్దకం, దేజిమా లంక

కృష్ణా తీరంలో ‘లంక’ అన్న మాటకు అర్థం చెప్పనక్కరలేదు. పటమటలంకలోనూ, కృష్ణలంకలోనూ ఇళ్లు కట్టుకుని బతుకుతున్నవాళ్లకు అది నది మేటవేసిన నేల అని తెలుసు. ఈ వ్యాసం మరో లంకను గురించి. అది నది మేటవేసింది కాదు, మనుషులు మట్టి పోసి కట్టింది. జపానులో నాగసాకి రేవును ఆనుకుని ఉన్న ఆ లంక పేరు దేజిమా.

దేజిమాలో ఒక పూట గడిపి, పాత గిడ్డంగులు, వంటశాల చూసి, సాయంత్రం నాగసాకి వీధుల్లో కాస్తెల్లా రొట్టె తిని తిరిగి వచ్చే యాత్రికులు ఈనాడు చాలామంది ఉన్నారు. కళనూ తిండినీ ఒక్క రోజులో ఆస్వాదించి రావడం తప్పుకాదు. అయితే యాత్రికుడి ఆస్వాదనే కళాచరిత్రగా చలామణి అయినప్పుడు రచయితలు ఆగి ఆలోచించాలి. దేజిమా కథలో మన కృష్ణా డెల్టా శ్రమజీవికి వాటా ఉంది. ఆ వాటా ఎవరి లెక్కలోనూ అతని పేరుతో లేదు.

దేజిమాను 1636లో పూర్తిచేశారు. విసనకర్ర ఆకారంలో ఉన్న ఆ లంక పొడవు సుమారు 120 మీటర్లు, వెడల్పు 75 మీటర్లు. మొదట పోర్చుగీసు వర్తకులను అందులో ఉంచారు. క్రైస్తవ మత ప్రచారానికి జడిసిన తోకుగావా ప్రభుత్వం 1639లో వారిని వెళ్లగొట్టి, 1641లో హిరాదో నుంచి డచ్చివారిని అక్కడికి తరలించింది. ఆ తరవాత రెండు శతాబ్దాలకు పైగా ఐరోపాతో జపాను వర్తకమంతా ఆ ఇరుకు లంక గుండానే సాగింది. అనుమతి లేనిదే డచ్చివాడు వంతెన దాటరాదు. సముద్రాలన్నీ తమవే అనుకున్న కంపెనీ నౌకరు అక్కడ కాపలావాళ్ల మధ్య బతికాడు. తరవాతి కాలంలో రేవును పూడ్చడంతో దేజిమా లంక కాకుండా పోయింది. 1996లో పునరుద్ధరణ మొదలుపెట్టారు. 2017లో కొత్త వంతెన వేశారు.

ఇక బందరు సంగతి. డచ్చి కంపెనీ మచిలీపట్నంలో కాలుమోపింది 1605-06లో. గోల్కొండ కుతుబ్ షాహీల ఏలుబడి అది. ఇంగ్లీషువారి ఓడ ‘గ్లోబ్’ 1611లో వచ్చింది. బందరులో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అన్న పేర్లు నేటికీ ఆ వర్తకుల పోటీని గుర్తుచేస్తాయి. వలందులంటే డచ్చివారు. 1613 నాటికి వారు పాలకొల్లు దాకా విస్తరించి అక్కడ బట్టల వ్యాపారం సాగించారు. ఈ తీరపు బట్టలు ముఖ్యంగా తూర్పుదీవుల సుగంధద్రవ్యాలకు మారకంగా చెల్లాయి. కొంత భాగం బటావియా మీదుగా దేజిమా చేరింది.

రంగుటద్దకపు బట్టను జపానీయులు ‘సరస’ అన్నారు. అక్కడ దాని విలువ చూడండి. ఇక్కడ దుప్పటిగా, తెరగా, పైపంచెగా వాడిన గుడ్డను అక్కడ రసికులు చిన్నచిన్న ముక్కలుగా కోసి దాచుకున్నారు. తేనీటి సమారాధనలో వాడే పాత్రలకు సంచులు కుట్టించుకున్నారు. పొగాకు తిత్తులుగా, దుస్తుల లోపలి అంచులుగా వాడుకున్నారు. పద్దెనిమిదో శతాబ్ది చివరి భాగంలో సరస నమూనాల పుస్తకాలు అచ్చయ్యాయి. నాగసాకికి దగ్గరలోని నబేషిమా సంస్థానంలో ఆ అద్దకాన్ని తమ బాణీలో మలిచారు. క్యోటోలో గియోన్ ఉత్సవపు రథాల అలంకరణలో ఇండియా అద్దకాలు కూడా ఉన్నాయి. ఆ గుడ్డలన్నీ బందరువేనని మనం దబాయించనక్కరలేదు. గుజరాతు నుంచీ, కోరమండల్ దక్షిణ భాగం నుంచీ వచ్చినవి కూడా ఉంటాయి. కానీ ఆ ఎరుపుకు పేరుపడ్డ నేలల్లో మనది ముఖ్యమైనది.

ఆ ఎరుపు చిరివేరుది. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెత్వోల్డ్ ఈ వేరునూ, దానితో పండే రంగునూ ప్రత్యేకించి మెచ్చుకున్నాడు. కానీ రంగు వేరులో మాత్రమే ఉండదు. గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండబెట్టి తెల్లబరచాలి. కరక్కాయ కషాయంలో ముంచాలి. ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ రోజుల తరబడి ఊరబెట్టిన కసింతో నల్లగీత పడుతుంది. పటిక అద్దినచోటనే ఎరుపు పట్టుకుంటుంది. పారే నీటిలో జాడించాలి, రాగి కాగులో ఉడకబెట్టాలి, మళ్లీ ఎండబెట్టాలి. వేరు తవ్వినవాడు, నూలు వడికిన స్త్రీ, నేతగాడు, ఉతికినవాడు, అచ్చు చెక్కినవాడు, అద్దినవాడు — ఇంతమంది చేతుల సమష్టి సృష్టి ఆ గుడ్డ. అదను తప్పితే, నీరు చెడితే, చివరివాడి నేర్పు ఎంతటిదైనా నిష్ఫలం.

ఈ సమష్టి శ్రమకు దక్కిందేమిటి? కంపెనీలు నేరుగా పనివాడి దగ్గరకు రాలేదు. దళారులద్వారా బయానా ఇచ్చి, నాణ్యమూ గడువూ తామే నిర్ణయించాయి. బయానా పుచ్చుకున్నవాడు అప్పుపడ్డవాడే. జపాను నుంచి డచ్చివారు తెచ్చిన రాగి కోరమండల్ రేవుల్లో అమ్ముడై నాణేలుగా, పాత్రలుగా మారింది. మన ‘డబ్బు’ అన్న మాటే మొదట రాగి నాణెం పేరు. అద్దకం వెళ్లింది, రాగి వచ్చింది. మధ్యనున్న లాభం ఆమ్‌స్టర్‌డామ్ చేరింది. కరువులు వచ్చిన ఏళ్లలో ఇదే తీరం నుంచి డచ్చి ఓడలు తిండిలేని మనుషులను బానిసలుగా కొని బటావియాకు తరలించాయి. గుడ్డ మూటలకూ మనుషులకూ ఒకే కంపెనీ, ఒకే తీరం.

తరవాతి కథ మన పాఠకులకు తెలిసిందే. ఇంగ్లండు 1700లోనూ, 1721లోనూ చట్టాలు చేసి ఇండియా అద్దకాలను తన గడ్డమీద అడ్డుకుంది. యంత్రపు బట్ట వచ్చింది. 1869లో కృత్రిమ అలిజరిన్ వచ్చాక చిరివేరుకు గిరాకీ పడిపోయింది. అంతకు అయిదేళ్ల ముందు, 1864 నవంబరులో, ఉప్పెన బందరును ముంచి సుమారు ముప్ఫైవేల ప్రాణాలు తీసింది.

తిండి విషయంలోనూ ఇదే పాఠం. నాగసాకి తనదని చెప్పుకునే కాస్తెల్లా పోర్చుగీసుల నుంచి వచ్చింది. అందులోని చక్కెర ఆనాడు ఓడల్లో దిగుమతి అయిన సరకు. మన వైపు చూసుకున్నా అంతే. మిరపకాయ పోర్చుగీసు ఓడల రోజుల్లో ఈ దేశానికి వచ్చిందే. నేడు అది లేని ఆంధ్రుల భోజనాన్ని ఊహించలేం. శనగపిండితో, బెల్లంతో, నేతితో రోకటిపోట్లు తిని తయారయ్యే బందరు తొక్కుడు లడ్డుకు ఊరి పేరుంది, దంచిన చేతుల పేరు లేదు. ‘స్వచ్ఛమైన స్థానిక రుచి’ అని రాసే ముందు ఆ రుచి వెనుక ఉన్న రేవునూ, రోకలినీ చూడాలి.

ఇక్కడ ఒక వాదం ఎదురవుతుంది. జపాను మేధావి యానగి సోయెత్సు 1920ల నుంచి జానపద శిల్పాల అందాన్ని ప్రచారం చేశాడు. 1936లో తోక్యోలో ఆ వస్తువులకు మ్యూజియం నెలకొల్పాడు. పేరు తెలియని పనివాడు అహం లేకుండా చేసినందువల్లనే ఆ వస్తువులు అందంగా ఉన్నాయని ఆయన సిద్ధాంతం. నిత్యం వాడుకునే వస్తువుకు కళాగౌరవం ఇవ్వడం ఆయన చేసిన గొప్ప మేలు, దాన్ని కాదనలేం. అయితే అనామకత్వాన్ని సౌందర్య లక్షణంగా ఒప్పుకోలేం. బందరు అద్దకపు పనివాడు వినయంవల్ల పేరు దాచుకోలేదు. కంపెనీ చిట్టాలో మూటల సంఖ్య ఉంది, ఓడ పేరు ఉంది, ధర ఉంది. పనివాడి పేరుకు గడి లేదు. అది ఆత్మత్యాగం కాదు, లెక్క రాసినవాడి నిర్ణయం. ఎవరు రాశారో తెలిస్తే గాని సాహిత్యంలో మనం ఏ గ్రంథాన్నీ చర్చించం. అద్దకం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ‘సంప్రదాయం’ అన్న ఒక్క మాటతో ఎందుకు సరిపెట్టుకుంటాం?

పటమట మీదుగా పోయే బందరు రోడ్డు పట్టుకుంటే ఒక్క రోజులో పెడన చూసి రావచ్చు. అక్కడ నేటికీ టేకు అచ్చులు చెక్కుతున్నారు, గుడ్డలు అద్దుతున్నారు. ప్రకృతి రంగులతో పాటు రసాయన రంగులూ వచ్చాయి. స్క్రీన్ ప్రింటు నకళ్లు చవకగా అమ్ముడై అచ్చు పనివాడి కూలిని కిందికి లాగుతున్నాయి. అక్కడికి వెళ్లే యువ రచయిత దారిలో లడ్డు తినవచ్చు, గుడ్డ కొనుక్కోవచ్చు, ఆ ఎరుపును మెచ్చుకోవచ్చు. కానీ తిరిగి వచ్చి రాసేటప్పుడు ఆ గుడ్డను అద్దింది ఎవరు, రోజుకెంత కూలి, అచ్చు చెక్కిందెవరు అన్నవి కూడా రాయాలి. దేజిమా చిట్టాలో మూడు వందల యాభై ఏళ్ల కిందట వదిలేసిన గడి అదే. దాన్ని మళ్లీ ఖాళీగా వదిలితే ఆ తప్పు ఈసారి డచ్చివాడిది కాదు, మనది.