పాత కారు కొనుగోలు

పాత కారు అనగా ఒకరు లేక అంతకు మించిన యజమానుల చేతిలో నడిచి, తిరిగి అమ్మకానికి వచ్చిన కారు. దీనిని వాడుకలో సెకండ్ హ్యాండ్ బండి అందురు. కొత్త కారు ధరలో సగానికో, అంతకంటే తక్కువకో లభించుట వలన మధ్యతరగతి కుటుంబాలు, చిన్న వ్యాపారులు, రైతులు దీని వైపు మొగ్గు చూపుదురు. పాత కారు ఎంపిక, పరీక్ష, పత్రాల బదిలీ, నిర్వహణలకు సంబంధించిన విషయాలు ఈ వ్యాసంలో ఉన్నవి. నంద్యాల జిల్లాలోని డోన్ పరిసరాలు, కర్నూలు, కడప ప్రాంతాల మెట్ట వాతావరణం ఇందులో ప్రధానముగా దృష్టిలో ఉంచుకొనబడినవి.

నేపథ్యం

1983 డిసెంబరులో మారుతి 800 విడుదల అయ్యే వరకు ఆంధ్ర ప్రదేశ్ పట్టణాలలో కారు అనగా అంబాసిడర్ లేదా ప్రీమియర్ పద్మిని మాత్రమే. రాయలసీమ పల్లెలలో వీటికంటే జీపులే ఎక్కువగా కనిపించేవి. 1998లో వచ్చిన టాటా ఇండికా డీజిలు కారును సామాన్యుని దరికి చేర్చినది. అయితే అందులో చాలా భాగం ట్యాక్సీలుగా తిరిగినది. మారుతి 800, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లో నిలిచిపోయినది.

డోన్ పట్టణం హైదరాబాదు - బెంగళూరు జాతీయ రహదారిపై ఉన్నది. పూర్వం 7వ నంబరు అయిన ఈ రహదారి నేడు 44వ నంబరు. ద్రోణాచలం అను పేరు కూడా గల ఈ పట్టణం రైల్వే జంక్షను కూడా. ఈ కారణమున ఇక్కడ అమ్మకానికి వచ్చే కార్లలో స్థానికుల బండ్లే కాక హైదరాబాదు, బెంగళూరుల నుండి వచ్చినవి కూడా ఉండును. అవి ఏ ఊరివో తెలిసికొనుట కొనుగోలుదారుని మొదటి పని.

నంబరు చూచి బండి ఊరు తెలిసికొనుట కొంతవరకు సాధ్యమే. 2019కి ముందు నమోదైన కార్లలో ఏపీ 21 కర్నూలు జిల్లాను, ఏపీ 04 కడప జిల్లాను, ఏపీ 02 అనంతపురం జిల్లాను సూచించును. 2019 నుండి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అను ఒకే సంకేతం ప్రవేశపెట్టబడినందున ఆ తరువాతి బండ్లకు ఈ పద్ధతి పనికిరాదు. తెలంగాణ బండ్లకు 2014 తరువాత టీఎస్, 2024 మార్చి నుండి టీజీ అక్షరాలు వచ్చినవి. ఇక్కడ పలువురు పొరబడే అంశమొకటి గలదు. 2014 జూనుకు ముందు హైదరాబాదులో నమోదైన కారుపై ఏపీ 09 వంటి నంబరు ఉండును. అది ఆంధ్ర ప్రదేశ్ బండివలె కనిపించినను దాని రికార్డు తెలంగాణ రవాణా శాఖ వద్దనే ఉన్నది. కనుక అట్టి కారుకు పొరుగు రాష్ట్రపు బండికి వర్తించే నియమాలే వర్తించును.

అవసరాన్ని బట్టి ఎంపిక

డీజిలు కారు అయితే ఖర్చు తక్కువ అను అభిప్రాయం గ్రామీణులలో బలముగా ఉన్నది. చిన్న లెక్క వేసి చూచిన ఇది అందరికీ వర్తించదని తేలును. నెలకు 500 కి.మీ. తిరిగే కుటుంబం ఒకటి అనుకొనుము. పెట్రోలు కారు లీటరుకు 16 కి.మీ., డీజిలు కారు 20 కి.మీ. ఇచ్చుననియు, పెట్రోలు లీటరు 110 రూపాయలు, డీజిలు 98 రూపాయలు అనియు తీసుకొనిన, నెలకు పెట్రోలుకు సుమారు 3,440 రూపాయలు, డీజిలుకు 2,450 రూపాయలు అగును. ఏడాదికి తేడా 12,000 రూపాయల లోపే. డీజిలు కారు కొరకు లక్షన్నర అధికముగా చెల్లించినచో ఆ సొమ్ము తిరిగి రావడానికి పన్నెండేళ్ళకు పైగా పట్టును. అప్పటికి బండి ఆయువే తీరవచ్చును. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగే వారికి మాత్రము లెక్క వేరు.

2020 ఏప్రిల్ నుండి అమలైన బి.ఎస్. 6 ప్రమాణాల డీజిలు కార్లలో పొగ గొట్టములోని మసిని పట్టి ఉంచే ఫిల్టరు ఉండును. ఆ మసి కాలిపోవుటకు బండి అప్పుడప్పుడు కొంత దూరం ఆగకుండా వేగముగా నడవవలెను. ఊరిలోనే బడికి, బజారుకు తిరిగే వారి చేతిలో అది మూసుకొనిపోవును, బాగుచేయుట ఖర్చుతో కూడిన పని. పెట్రోలు కార్ల విషయములో 2023 నుండి దశలవారీగా వచ్చిన 20 శాతం ఇథనాలు కలిపిన ఇంధనాన్ని గమనించవలెను. అంతకు ముందరి మోడళ్ళలో రబ్బరు గొట్టాలు, సీళ్ళు దానికి తగినట్లు తయారైనవో లేదో ఆ కారు పుస్తకములో చూచుకొనుట మంచిది. మైలేజి కూడా కొద్దిగా తగ్గును.

విడి భాగాలు డోన్‌లోనో కర్నూలులోనో దొరికే కారును, స్థానిక మెకానిక్కు చేయి తిరిగిన కారును ఎంచుకొనుట ఉత్తమం. అరుదైన విదేశీ మోడలు చౌకగా వచ్చినదని కొని, ఒక చిన్న సెన్సారు కొరకు బండిని నెలల తరబడి షెడ్డులో పెట్టుకొన్న వారు ప్రతి ఊరిలోను ఉన్నారు.

బండి పరీక్ష

ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు మాత్రమే కారును చూడవలెను. అమ్మేవారు ముందే ఇంజను వేడి చేసి ఉంచినచో బోనెట్‌పై చేయి పెట్టగానే తెలిసిపోవును. చల్లని ఇంజను మొదటిసారి తిరుగునపుడు వచ్చే శబ్దము, పొగ చాలా సంగతులు చెప్పును. నీలి పొగ ఇంజను ఆయిలు కాలుచున్నదనుటకు గుర్తు. దీనినే మెకానిక్కులు ఇంజను బోరుకు వచ్చినది అందురు. ఆగకుండా వచ్చే తెల్లని పొగ కూలెంటు లోపలికి చేరుచున్నదనుటకు, నల్లని పొగ ఇంధనం పూర్తిగా కాలుట లేదనుటకు సూచన. ఆయిలు మూత అడుగున పాలమీగడ వంటి పదార్థం కనిపించినచో అట్టి బండిని వదలివేయుటే మేలు.

కిలోమీటర్ల మీటరును వెనుకకు తిప్పుట పాత కార్ల వ్యాపారములో తెలిసిన మోసమే. మీటరు 40,000 చూపుచుండగా బ్రేకు పెడలు రబ్బరు అరిగి నున్నబడినదా, స్టీరింగు చక్రం మెరుగెక్కినదా, డ్రైవరు సీటు కుంగినదా చూడవలెను. టైరు ప్రక్కన ఉండే నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. ఉదాహరణకు 2319 అనిన 2019వ సంవత్సరం 23వ వారం. 2019లో కొన్న కారు తక్కువ తిరిగినదని చెప్పుచు 2023 నాటి టైర్లు వేసియుండిన కారణం అడుగవలెను. సర్వీసు కేంద్రములోని రికార్డు అన్నిటికంటె నమ్మదగినది. పసుపు ప్లేటు నుండి తెల్ల ప్లేటుకు మారిన పాత ట్యాక్సీలను కూడా ఆర్.సి. వివరాలలో వెదకవలెను.

ప్రమాదానికి గురైన కారుకు టింకరింగు, పెయింటింగు చేసి కొత్తదానివలె నిలబెట్టుదురు. ఎండలో ప్రక్క నుండి చూచిన రంగు తేడా, డోరుల మధ్య సందులలోని హెచ్చుతగ్గులు, బోనెట్ బోల్టులపై పానా గీతలు దీనిని పట్టి ఇచ్చును.

వరదలో మునిగిన కార్లు ఇంకను ప్రమాదకరమైనవి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరం మునిగినప్పుడు వీధులలోని బండ్లు కూడా నీట మునిగినవి. తరువాతి కాలములో 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2021 నవంబరులో కడప జిల్లాలోని చెయ్యేరు తీర గ్రామాలు, 2022 సెప్టెంబరులో బెంగళూరు, 2024 సెప్టెంబరులో బుడమేరు వలన విజయవాడ వరదల పాలైనవి. బీమా సంస్థలు పూర్తి నష్టముగా లెక్కకట్టి వేలం వేసిన బండ్లు బాగుచేయబడి దూర ప్రాంతాల సంతకు చేరుట కలదు. ఒక్క వాన చినుకు ఎరుగని ఊరిలో వరద బండి ఉండునని ఎవరును అనుకొనరు కదా! సీటు బెల్టును చివరి వరకు లాగి బురద గీత ఉన్నదేమో చూడవలెను. కార్పెట్టు ఎత్తి వాసన చూడవలెను. సీటు పట్టాల తుప్పు, హెడ్ లైటు లోపలి ఆవిరి, స్పేరు టైరు గుంటలోని ఒండ్రు కూడా గుర్తులే. ఇట్టి కారులో వైర్ల చివరలు కొద్దికాలానికి తుప్పుపట్టి, నడుస్తున్న బండి హఠాత్తుగా ఆగిపోవును.

ధర

బీమా పత్రములో ఉండే ఐ.డి.వి. అను విలువ ధరను సరిచూచుకొనుటకు ఉపకరించును. దీనికి కొత్త కారు ధరపై తరుగుదల ఆరు నెలలు దాటి ఏడాది లోపు 15 శాతం, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, ఐదేళ్ళ లోపు 50 శాతముగా లెక్కించుదురు. మార్కెట్టు ధర దీనికి అటూ ఇటూ ఉండవచ్చును గాని, చాలా ఎక్కువగా ఉన్నప్పుడు బేరమాడవలెను, చాలా తక్కువగా ఉన్నప్పుడు అనుమానించవలెను. ఢిల్లీ ప్రాంతములో పదేళ్ళు దాటిన డీజిలు కార్లపై నిషేధాన్ని 2018లో సుప్రీం కోర్టు సమర్థించిన తరువాత అక్కడి బండ్లు చౌకగా ఇతర రాష్ట్రాలకు తరలినవి. ఆ చౌకదనములో ఇక్కడ తిరిగి కట్టవలసిన జీవితకాలపు పన్ను, కొత్త నమోదు ఖర్చు కలపబడవు.

పత్రాలు, పేరు మార్పిడి

పాత కారు విషయములో అసలు ప్రమాదం ఇంజనులో కాక కాగితాలలో ఉన్నది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 50వ సెక్షను ప్రకారము అమ్మిన వ్యక్తి అదే రాష్ట్రములో అయిన 14 దినములలోను, ఇతర రాష్ట్రమైన 45 దినములలోను రవాణా అధికారికి తెలుపవలెను. కొన్న వ్యక్తి 30 దినములలో తెలుపవలెను. ఇందుకు 29, 30 నంబరు ఫారాలు వాడుదురు. పొరుగు రాష్ట్రపు బండికి ముందుగా 28వ ఫారముతో నిరభ్యంతర పత్రం తెచ్చుకొనవలెను. పన్నెండు నెలలకు మించి మరొక రాష్ట్రములో ఉంచిన బండికి అక్కడి నంబరు తీసికొనుట 47వ సెక్షను ప్రకారం తప్పనిసరి. యజమాని మరణించిన యెడల వారసుడు 31వ ఫారముతో తన పేరిట మార్పించుకొనిన పిమ్మటనే అమ్మవలెను.

తారీఖు లేని ఫారాలపై సంతకాలు పెట్టించుకొని, బండిని అప్పగించి, పేరు మార్పిడిని మరచిపోవుట మన ఊళ్ళలో మామూలు. బ్రోకరు ఆ కాగితాలతోనే మరొకరికి, వారు ఇంకొకరికి అమ్ముదురు. దీని పర్యవసానం అమ్మినవాడే అనుభవించవలసి వచ్చును. 2007లో అమ్మిన ఒక కారు పేరు మారకుండానే పలువురి చేతులు మారి, 2009లో ఒక బాలుని మరణానికి కారణమైనది. ఆ కేసులో 2018 ఫిబ్రవరి 6న సుప్రీం కోర్టు తీర్పు చెప్పుచు, రికార్డులో ఎవరి పేరున్నదో ఆ వ్యక్తియే చట్టము దృష్టిలో యజమాని అనియు, నష్టపరిహారం బాధ్యత ఆయనదే అనియు స్పష్టము చేసినది. బీమా లేని బండి అయినచో ఆ సొమ్ము కొరకు ఇల్లు, పొలం జప్తుకు వచ్చు పరిస్థితి ఏర్పడును. కనుక అమ్మేవారు బండి తాళం ఇచ్చుటకు ముందే తేదీ, సమయం వ్రాసిన డెలివరీ పత్రంపై కొన్నవారి సంతకం, ఆధారు నకలు తీసుకొని, 29వ ఫారమును తామే కార్యాలయానికి చేర్చుట క్షేమం. 2023 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం గుర్తింపు పొందిన డీలరుకు బండి అప్పగించి ఆ సంగతి నమోదు చేయించిన యెడల, తిరిగి అమ్ముడుపోయే వరకు బాధ్యత ఆ డీలరుపై ఉండును.

కడప, కర్నూలు ప్రాంతాలకు ప్రత్యేకమైన మరొక చిక్కు ఎర్రచందనం. శేషాచలం, లంకమల, నల్లమల అడవుల నుండి దుంగలు తరలిస్తూ పట్టుబడిన వాహనాన్ని ఆంధ్ర ప్రదేశ్ అటవీ చట్టం, 1967 క్రింద స్వాధీనము చేసుకొనే అధికారం అటవీ శాఖకు కలదు. పేరు మార్చని పాత కారు అట్లు దొరికినచో పోలీసులు మొదట వచ్చేది రికార్డులోని యజమాని ఇంటికే. కొనేవారు కూడా బండిపై కేసులు, పెండింగు చలానాలు ఏమైన ఉన్నవేమో ముందుగా విచారించుకొనవలెను.

ఆర్.సి.లో హైపోథికేషన్ అని ఉన్నచో ఫైనాన్సు ఇంకను తీరలేదని అర్థము. బాకీ తీరినట్లు ఫైనాన్సు సంస్థ ఇచ్చే పత్రము, 35వ ఫారము లేకుండా డబ్బు ఇవ్వరాదు. మిగిలిన కంతులు కట్టుకొమ్మని నోటిమాటపై బండి అప్పగించుట, పుచ్చుకొనుట రెండును తగవుకే దారితీయును. పాతవాని పేరున కంతు తప్పినచో బండి కొత్తవాని వాకిటి నుండే పోవును.

పేరు మార్పుతో బీమా కూడా మార్చుకొనవలెను. 157వ సెక్షను ప్రకారం ఇతరుల నష్టానికి సంబంధించిన బీమా కొన్నవారికి దానంతటదే వర్తించును గాని, సొంత బండి నష్టానికి సంబంధించినది వర్తించదు. 14 దినములలో బీమా సంస్థకు దరఖాస్తు చేయవలెను. క్లెయిము లేనందుకు వచ్చే 20 నుండి 50 శాతం వరకు తగ్గింపు యజమానికి చెందినదే కాని కారుకు కాదు. కనుక కొన్నవారు ఆ తేడా చెల్లించవలెను.

నడపుట, నిర్వహణ

డోన్, బేతంచెర్ల ప్రాంతాలు నాపరాతి గనులకు, పాలిషు యూనిట్లకు పేరుపొందినవి. ఆ రాతి పొడి, వేసవి గాలిదుమ్ము కలిసి ఎయిర్ ఫిల్టరును త్వరగా మూసివేయును. పుస్తకములో చెప్పిన దూరానికి సగములోనే దానిని తీసి చూచుట అవసరం. కారుపై పడిన రాతి పొడిని పొడి గుడ్డతో తుడిచిన రంగుపై గీతలు పడును, ముందు నీళ్ళతో కడుగవలెను.

రేడియేటరులో బోరు నీళ్ళు పోయుట ఇక్కడి అలవాటు. సున్నపురాతి నేలలోని ఈ నీటిలో లవణాలు అధికం. ఇంటి బిందె అడుగున పట్టే తెల్లని పొరే రేడియేటరు సన్నని గొట్టాలలోను పట్టి, ఎండాకాలములో ఇంజను కాగిపోవుటకు కారణమగును. కూలెంటును డిస్టిల్డ్ వాటరుతో కలిపి పోయవలెను. కాగిన ఇంజనుపై రేడియేటరు మూత వెంటనే తెరచినచో మరిగే నీరు ముఖముపై చిమ్మును.

వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతములో టైర్లు, బ్యాటరీ త్వరగా పాడగును. గాలిని ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడు డోరు అంచున వ్రాసిన కొలత ప్రకారం పట్టించవలెను. ఎండకు గాలి పెరుగునని తక్కువ పట్టించుట తప్పు. గాలి తక్కువైన టైరే ఎక్కువగా వంగి, వేడెక్కి, జాతీయ రహదారిపై పగులును. అరుగుదల లేకున్నను ప్రక్కలు బీటలు వారిన పాత టైర్లను మార్చివేయవలెను.

వంట గ్యాసు సిలిండరును కారుకు తగిలించుట నేరము, ప్రాణాపాయము. గ్యాసు కిట్టు ఉన్న బండి అయిన ఆ సంగతి ఆర్.సి.లో నమోదై ఉండవలెను.

సొంత కారు నమోదు 15 సంవత్సరాలు చెల్లును. పిమ్మట సామర్థ్య పరీక్ష జరిపించి ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకొనవలెను. దీని రుసుము 2022 ఏప్రిల్ నుండి 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు, 20 ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెరిగినది. పదమూడు, పద్నాలుగేళ్ళ కారును కొనేవారు ఈ ఖర్చును బేరములోనే కలుపుకొనవలెను.

వేరుశనగ, ధాన్యం నిల్వ ఉన్న ఇళ్ళ వద్ద కదలక నిలిచిన కార్లలో ఎలుకలు చేరి వైర్లు కొరుకుట సాధారణం. వారానికి రెండుసార్లయినను బోనెట్ ఎత్తి చూచి, బండిని కొంత దూరం నడుపుట దీనికి విరుగుడు.