అన్నమా, వైద్యమా?

మింగలేని మనిషికి గొట్టంతో ఆహారమందించడం ఈనాటి విద్య కాదు. 1790లో లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్, గొంతు కండరాలు చచ్చుబడిన రోగికి ఈల్ చేప తోలుతో చేసిన గొట్టం ద్వారా కడుపులోకి ఆహారమూ మందూ పంపాడు. కొన్నాళ్లకు అతను మళ్లీ మింగగలిగాడు. 1979లో క్లీవ్‌లాండ్ వైద్యులు గాడరర్, పాన్‌స్కీ, పొట్ట కోయకుండా ఎండోస్కోపు సాయంతో జీర్ణాశయంలోకి నేరుగా గొట్టం అమర్చారు. అదే నేటి ‘పెగ్’. మొదట పసిపిల్లల కోసం పుట్టిన ఈ పద్ధతి త్వరలోనే పెద్దలకూ విస్తరించింది. హంటర్ గొట్టం కొద్దికాలపు ఆసరా. ఇది ఏళ్ల తరబడి ఉండగలదు. మరి తీసేదెప్పుడు?

ఈ ప్రశ్నకు జవాబు వెతికిన న్యాయస్థానాలకు దారి చూపినవాటిలో ఆక్లండ్‌లో 1992లో వెలువడిన ఒక తీర్పు ఉంది. విచిత్రమేమంటే, అందులో వివాదం తిండి గురించి కాదు, ఊపిరి గురించి. గిలాన్-బారే వ్యాధితో నరాలన్నీ దెబ్బతిన్న ఒక రోగి వెంటిలేటరు మీద ఉన్నాడు. మామూలుగా ఈ జబ్బు నుంచి చాలామంది కోలుకుంటారు. అతనికి ఆ ఆశ లేదు. మెదడు బతికే ఉన్నా, బయటి ప్రపంచంతో దానికి సంబంధం తెగిపోయింది. యంత్రం ఆపితే తమ మీద నరహత్యా నేరం పడుతుందా అని వైద్యులు అడిగారు. న్యూజిలాండ్ నేరచట్టం 151వ సెక్షను ప్రకారం, తన సంరక్షణలో ఉన్న అశక్తునికి ‘జీవితావసరాలు’ సమకూర్చడం విధి. ఆ మాట వినగానే మనకు తోచేది అన్నమే. స్వస్థతనివ్వక, మరణాన్ని వాయిదా మాత్రమే వేసే యంత్రం అలాంటి అవసరం కాదన్నారు జస్టిస్ థామస్.

కొన్ని నెలలకే, 1993 ఫిబ్రవరిలో, లండన్‌లో ప్రభువుల సభ ఆ తీర్పును ఉటంకించింది. ఈసారి వివాదం తిండిదే. 1989లో హిల్స్‌బరో క్రీడామైదానపు తొక్కిసలాటలో స్పృహ కోల్పోయిన టోనీ బ్లాండ్‌కు ముక్కుగొట్టంతో ఆహారం అందుతోంది. అది కూడా చికిత్సలో భాగమేనని, ఆపవచ్చునని న్యాయమూర్తులు తేల్చారు. వైద్యుడిగా నాకా తర్కం అర్థమవుతుంది. కాని అన్నాన్ని పరబ్రహ్మమనే ఇంట పెరిగినవాణ్ణి. మందు ఆపడం, ముద్ద ఆపడం ఒకటేనని అంత తేలిగ్గా అనలేను.

2011లో భారత సుప్రీంకోర్టు బ్లాండ్ తీర్పును విస్తారంగా చర్చించింది. 1973లో దాడికి గురై, ముంబయి కేఈఎం ఆసుపత్రిలోనే ఉండిపోయిన నర్సు అరుణా శాన్‌బాగ్‌కు తిండి ఆపాలని, ఆమె కథ రాసిన పింకీ విరానీ కోరారు. అరుణకు అక్కడి సిబ్బంది మెత్తగా నలిపిన ఆహారం నోటికే అందించేవారు. ఆ చేతి ముద్దను వైద్యమనాలా? కోర్టు విన్నపాన్ని తోసిపుచ్చింది; ఆమె తరఫున నిర్ణయించే హక్కు ఆ సిబ్బందిదేనంది. వారామెను 2015 వరకు సాకారు.