తెరపై పాఠానికి ఊరే తోడు
మన్యంలో దూరబోధన: ఎవరి పాత్ర ఏమిటి?

భద్రాచలం: పాఠం ఉపగ్రహం ద్వారా రాష్ట్రమంతటికీ ప్రసారం కావచ్చు. అది గూడెంలోని చివరి ఇంటి పిల్లవాడికి చేరాలంటే మాత్రం ఊరి సహకారం తప్పనిసరి. కరోనా కాలం మన్యానికి తెలియజెప్పిన సత్యమిది.

నేపథ్యం
2020 మార్చిలో పాఠశాలలు మూతపడడంతో ఆశ్రమ పాఠశాలలు, గురుకులాల్లోని గిరిజన బాలబాలికలు ఇళ్లకు చేరారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో 3 నుంచి 10వ తరగతి వరకు డిజిటల్ పాఠాలు ప్రారంభించింది. 2021 సెప్టెంబరు 1న బడులు తెరుచుకున్నా, గురుకులాలకు హైకోర్టు అనుమతి అక్టోబరులో గాని లభించలేదు. వసతి బడులే ఆధారమైన అటవీ గ్రామాల పిల్లలకు ఈ విరామం మరింత దీర్ఘమైంది.

అవరోధాలు
ఛత్తీస్‌గఢ్ సరిహద్దున ఉన్న చర్ల, దుమ్ముగూడెం మండలాల లోతట్టు ఆవాసాల్లో ఫోన్ సంకేతాలు అందడమే కష్టం. విద్యుత్తు లేని గుత్తికోయ ఆవాసాల్లో టీవీ ఊసే లేదు. ఇంట్లో కోయ భాష, తెరపై తెలుగు పాఠం. సందేహం వస్తే తీర్చేవారు ఉండరు.

బాధ్యతల పంపకం
ఉపాధ్యాయులు: టీవీ ఉన్నవారు, ఫోన్ ఉన్నవారు, ఏదీ లేనివారుగా విద్యార్థులను గుర్తించాలి. మూడో వర్గాన్ని తోటి విద్యార్థులకో, పంచాయతీ టీవీకో జతచేయాలి. 2020లో అనుసరించిన పద్ధతి ఇదే. ప్రసారం అందని చోటికి అభ్యాస పత్రాలు చేర్చి, దిద్ది ఇవ్వాలి.
పంచాయతీ: కార్యాలయంలో టీవీ, విద్యుత్తు, కూర్చునే చోటు సమకూర్చాలి.
చదువుకున్న యువత: పాఠం ముగిశాక కోయ భాషలో వివరించాలి. టీవీ చేయలేని పని ఇదే.
మహిళా సంఘాలు: పత్తితీత రోజుల్లో పిల్లలు కూలికి పోకుండా తల్లులకు నచ్చజెప్పాలి.
పాఠశాల యాజమాన్య కమిటీ: విద్యాహక్కు చట్టం-2009 ప్రకారం ఇందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. సగం మంది మహిళలు ఉండాలి. ఈ పనులన్నిటినీ సమన్వయపరచగల వేదిక ఇదే.

వరదల వేళా అవసరమే
ఈ ఏర్పాటు మహమ్మారికే పరిమితం కారాదు. 2022 జులై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత ఇంతటి వరద రాలేదు. దారులు తెగినప్పుడు బయటి నుంచి ఉపాధ్యాయుడు రాలేడు. ఊళ్లో ఉన్నవారే పిల్లల చేత పుస్తకం తెరిపించాలి. అందుకు వేసవిలోనే పేర్లు రాసుకొని, పత్రాలు సిద్ధపరచుకోవడం మేలు.