కెనడాలో కౌన్సెలింగ్ గ్రాడ్యుయేట్ చదువులు: ప్రవేశార్హతలు, లైసెన్సు

కెనడాలో సైకోథెరపిస్టుగా, కౌన్సెలింగ్ థెరపిస్టుగా లైసెన్సు కోరేవారు సాధారణంగా మాస్టర్స్ స్థాయి చదువు పూర్తిచేసి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో క్లయింట్లకు సేవలందించి, ఆ తర్వాత ప్రావిన్సు నియంత్రణ మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. ఆరోగ్య వృత్తుల నియంత్రణ అక్కడ ప్రావిన్సుల చేతిలో ఉంది కాబట్టి దేశమంతటికీ చెల్లే ఒకే లైసెన్సు లేదు. సీటు ఇచ్చేది విద్యాసంస్థ, లైసెన్సు ఇచ్చేది మండలి. సీటు వచ్చినంత మాత్రాన లైసెన్సు వస్తుందన్న హామీ లేదు. అందుకే ఫీజు కట్టకముందే మండలి షరతులు చదవడం అభ్యర్థికి అత్యవసరం.

చట్టాల నేపథ్యం

ఒంటారియో 2007లో సైకోథెరపీ చట్టం చేసింది. దాని కింద 2015 ఏప్రిల్ 1న కాలేజ్ ఆఫ్ రిజిస్టర్డ్ సైకోథెరపిస్ట్స్ ఆఫ్ ఒంటారియో (సీఆర్‌పీఓ) ఉనికిలోకి వచ్చింది. పేరులో కాలేజ్ ఉన్నా ఇది పాఠాలు చెప్పే సంస్థ కాదు, వృత్తిని నియంత్రించే మండలి. 2017 డిసెంబరు 30 నుంచి తీవ్రమైన ఆలోచనా, భావోద్వేగ, జ్ఞాపకశక్తి రుగ్మతలకు సైకోథెరపీతో చికిత్స చేయడాన్ని చట్టం ‘నియంత్రిత చర్య’గా పరిగణిస్తోంది. సైకోథెరపిస్టులు, సైకాలజిస్టులు, వైద్యులు, నర్సులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, సోషల్ వర్కర్లు - ఈ ఆరు వృత్తుల మండలుల సభ్యులకే, ఆయా మండలుల షరతులకు లోబడి, ఆ చికిత్స చేసే అధికారం ఉంది.

క్వెబెక్‌లో సైకోథెరపీ పర్మిట్ విధానం 2012 జూన్‌లో అమల్లోకి వచ్చింది. నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ ప్రావిన్సులు కౌన్సెలింగ్ థెరపిస్టుల కోసం విడిగా చట్టాలు చేసుకున్నాయి.

మాస్టర్స్‌లో ప్రవేశం

యూనివర్సిటీలు మొదట చూసేది నాలుగేళ్ల బ్యాచిలర్స్ డిగ్రీని, లేదా దానికి సమానమైన చదువును. బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ గ్రాడ్యుయేట్ ప్రవేశాలకు మూడు, నాలుగో సంవత్సరాల సబ్జెక్టుల్లో కనీసం బి ప్లస్ సగటు, అంటే అక్కడి లెక్కలో 76 శాతం, సాధారణ ప్రమాణం. పోటీ ఎక్కువగా ఉండే కౌన్సెలింగ్ విభాగాల్లో కనీస మార్కులున్నంత మాత్రాన సీటు దక్కదు. డిగ్రీలో సైకాలజీ చదవనివారిని గణాంక శాస్త్రం, పరిశోధన పద్ధతులు, వికాస మనోవిజ్ఞానం వంటి సబ్జెక్టులు ముందుగా పూర్తిచేసి రమ్మని అడిగే కోర్సులు ఉన్నాయి.

మార్కుల జాబితాలతో పాటు రిఫరెన్సు లేఖలు, స్టేట్‌మెంట్ ఆఫ్ ఇంటెంట్, ఇంగ్లిష్ లేదా ఫ్రెంచ్ భాషా పరీక్ష స్కోరు ఇవ్వాలి. హెల్ప్‌లైన్, ఆశ్రయ గృహం, పాఠశాల వంటి చోట్ల కష్టంలో ఉన్నవారితో పనిచేసిన అనుభవానికి విలువ ఉంటుంది. కొన్ని విభాగాలు ఇంటర్వ్యూ కూడా చేస్తాయి. ప్రాక్టికమ్‌కు, అంటే పర్యవేక్షణలో క్లయింట్లతో పనిచేసే శిక్షణకు, వెళ్లేముందు, పిల్లలు, నిస్సహాయులతో పనిచేసేవారికి చేసే ప్రత్యేక పోలీసు తనిఖీ సాధారణంగా తప్పదు.

సర్టిఫికెట్ కోర్సుల స్థానం

‘గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్’ అనే పేరుతో రెండు రకాల చదువులు ఉన్నాయి. ఒంటారియో కమ్యూనిటీ కాలేజీలు డిగ్రీ లేదా డిప్లొమా ఉన్నవారికి తక్కువ వ్యవధిలో ముగిసే కోర్సులు నడుపుతాయి. వాటిలో ఒకటైన హంబర్‌లోని అడిక్షన్స్ అండ్ మెంటల్ హెల్త్ కోర్సు ఈ రకానిదే. వ్యసన విముక్తి కేంద్రాల్లో, సామాజిక సేవా సంస్థల్లో ఉద్యోగాలకు ఇవి ఉపయోగపడతాయి. అయితే ఇవి మాస్టర్స్ స్థాయి సైకోథెరపీ శిక్షణ కావు. వీటితోనే రిజిస్టర్డ్ సైకోథెరపిస్టు కావచ్చని ఎవరైనా చెబితే నమ్మకూడదు.

రెండో రకం, ఇప్పటికే మాస్టర్స్ ఉన్నవారు లైసెన్సుకు తక్కువపడిన సబ్జెక్టులను, శిక్షణ గంటలను భర్తీ చేసుకునే అదనపు చదువు. ఏది తక్కువపడిందో, ఏ కోర్సుతో ఆ లోటు తీరుతుందో మండలి నిబంధనలు చూసి తేల్చుకున్నాకే ఇందులో చేరాలి.

ఒంటారియోలో లైసెన్సు మెట్లు

సీఆర్‌పీఓ గుర్తించిన కోర్సు చదివినవారికి దారి సులువు. గుర్తింపు లేని కోర్సు చదివితే, వృత్తికి అవసరమైన ఒక్కో సామర్థ్యాన్ని ఏ సబ్జెక్టులో నేర్చుకున్నారో సిలబస్ ఆధారంగా చూపాలి. వృత్తి నియమాలు, చట్టాలపై ఆన్‌లైన్ పాఠం పూర్తిచేయాలి. పూర్తిస్థాయి నమోదుకు ముందుండే అర్హత దశలో ఉన్నవారు పర్యవేక్షణలో పనిచేస్తూ రిజిస్ట్రేషన్ పరీక్ష రాస్తారు. పూర్తిస్థాయి నమోదుకు క్లయింట్లతో నేరుగా గడిపిన 450 గంటలు, 100 గంటల క్లినికల్ పర్యవేక్షణ అవసరం. ఈ మొత్తాలు 1,000, 150 గంటలకు చేరాకే స్వతంత్రంగా ప్రాక్టీసు చేయవచ్చు.

గంటల లెక్క కచ్చితంగా ఉండాలి. వ్యక్తితో, దంపతులతో, కుటుంబంతో, బృందంతో థెరపీ జరిపిన సమయమే ‘నేరుగా’ గడిపినదిగా లెక్కకొస్తుంది. నోట్సు రాసుకోవడం, అపాయింట్‌మెంట్లు ఖరారు చేయడం, మరొకరి సెషన్‌ను చూస్తూ కూర్చోవడం అందులోకి రావు. ఏ రోజుకారోజు లాగ్‌లో రాసి, పర్యవేక్షకుల ధ్రువీకరణ తీసుకోవడం మేలు. పర్యవేక్షకులు సంస్థ మారాక పాత సంతకాలు సంపాదించడం కష్టం.

ఇతర ప్రావిన్సులు

క్వెబెక్‌లో పర్మిట్ ఇచ్చేది సైకాలజిస్టుల మండలి. మానసిక ఆరోగ్యం, మానవ సంబంధాల రంగంలో మాస్టర్స్, 765 గంటల సైద్ధాంతిక శిక్షణ, 600 గంటల పర్యవేక్షిత ప్రాక్టికమ్ ఉండాలి. వృత్తికి తగినంత ఫ్రెంచ్ కూడా రావాలి. నోవా స్కోషియాలో పూర్తి హోదాకు ముందు అభ్యర్థి దశ ఉంటుంది.

చట్టబద్ధ నియంత్రణ లేని చోట్ల స్వచ్ఛంద సంఘాల ధ్రువపత్రాలు చలామణిలో ఉన్నాయి. 1965లో మొదలైన జాతీయ కౌన్సెలింగ్ సంఘం ఇచ్చే కెనేడియన్ సర్టిఫైడ్ కౌన్సెలర్ హోదా వీటిలో ప్రధానమైనది. అది వృత్తిగౌరవాన్ని ఇస్తుంది కానీ, నియంత్రణ ఉన్న ప్రావిన్సులో లైసెన్సుకు బదులుగా చెల్లదు. నియంత్రణ ఉన్న ఒక ప్రావిన్సు నుంచి మరోదానికి మారేవారికి 2017 నాటి కెనడా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం వెసులుబాటు కల్పిస్తుంది.

తెలుగు అభ్యర్థులకు

ఉస్మానియా, ఆంధ్ర వంటి విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ చదివి కెనడా వెళ్లేవారికి మొదటి చిక్కు మూడేళ్ల బీఏ, బీఎస్సీ డిగ్రీ. చాలాచోట్ల దానికి రెండేళ్ల పీజీని కలిపి చూస్తారు. విదేశీ డిగ్రీల సమానత్వ నివేదిక తీసుకోవాల్సి రావచ్చు. రెండో చిక్కు ప్రాక్టికమ్ రుజువులు. పీజీ మార్కుల జాబితాలో ‘ప్రాక్టికల్స్’ అన్న ఒక్క మాటతో మండలికి తృప్తి కలగదు. ఎంతమంది క్లయింట్లను చూశారో, ఎన్ని గంటలు చూశారో, ఎవరు పర్యవేక్షించారో తెలిపే లేఖ కావాలి. సబ్జెక్టుల సిలబస్‌ను విశ్వవిద్యాలయ ముద్రతో స్వదేశంలో ఉండగానే తీసుకోవడం మంచిది.

ఈ షరతులు కఠినంగా తోచినా వాటి ఉద్దేశం న్యాయమైనది. మనసులోని బాధ చెప్పుకోవడానికి వచ్చిన మనిషికి ఎదుట కూర్చున్నవారి అర్హతను అంచనా వేసే శక్తి ఆ క్షణంలో ఉండదు. ఆ బాధ్యతను మండలి తీసుకుంటుంది. సీఆర్‌పీఓ సభ్యుల జాబితా ఆన్‌లైన్‌లో బహిరంగంగా ఉంటుంది. థెరపిస్టు పేరు, నమోదు స్థితి ఎవరైనా చూసుకోవచ్చు. అపాయింట్‌మెంట్ తీసుకునేవారు అందులో పేరు సరిచూసుకోవడం ఎంత అవసరమో, కోర్సులో చేరేవారు గుర్తింపు పొందిన కోర్సుల జాబితా సరిచూసుకోవడమూ అంతే అవసరం.