కొండలకు పట్టని గొలుసు

నిజాము 1800లో కుంఫిణీవారికి దత్తము చేసిన మండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, 1802 మొదలుకొని కొన్నియేండ్లపాటు పల్లెపల్లెకును కొలగాండ్రను పంపి, పొలములతోపాటు దారులను, చెరువులను, ఊరి నివేశములను సైతము లెక్కకెక్కించెను. గొలుసు పొడవు 33 అడుగులు. ఆ పొడవే భుజముగాగల చదరములు 40 కూడిన నొక యెకరము. నాగలి యెక్కజాలని కొండలకు మాత్రము గొలుసు పట్టక కంటియంచనాతో సరిపెట్టిరి. శిస్తు రాని చోటికి గొలుసెందులకు? కర్నూలు నవాబు సంస్థానమైతే 1839 వరకు కుంఫిణీ ప్రత్యక్షపాలనలోనికే రాలేదు గనుక ఈ కొలతకు లోను గాలేదు.

రైలు రాకతో కలపకొఱకు కొండలమీద చూపు పడినది. చెన్నపురి రాజధానిలో 1856లో క్లెఘార్న్ అధిపతిగా అటవీశాఖ వెలసెను. 1860 దశకమున ఇనుపదారి కడపసీమను చొచ్చినది, కోడూరునొద్ద ఎర్రచందనపు తోట నాటబడినది. పెగూ అడవులలో ఏనుగునెక్కి టేకు మ్రాకులను లెక్కించి పేరొందిన బ్రాండిస్ సలహాతో 1882 నాటి అటవీచట్టము పుట్టెను. అటుపై అడవి నరకుటకై కూపులుగా విభక్తమయ్యెను. నేలనుండి నాలుగున్నర అడుగుల యెత్తున, అనగా రొమ్మెత్తున, మానుచుట్టు పట్టీ త్రిప్పి గార్డు కొలత కేకవేయగా వేరొకడు పుస్తకమున వ్రాసికొనును; కొంత మేర యిట్లు కొలిచి తక్కినది గుణించుటయే గణన. కలపనీయని తుప్పలు ఆ లెక్కలో నిరుపయోగములు. అంతరించినదని తలపోసిన కలివికోడి యను పక్షి 1986లో మరల కనబడినది అట్టి తుప్పలలోనే, లంకమల కొండల పాదమున!

ఉపగ్రహచిత్రములు పచ్చదనపు వైశాల్యమును చూపెను గాని వృక్షముల యెత్తును చూపలేదు. ఆ కొఱత తీర్చినది విమానమునుండి ప్రసరించు లేజరు. క్షణమునకు లక్షలకొలది కాంతిస్పందములు క్రిందికి దూకును. కొన్ని చిటారుకొమ్మను తాకి, కొన్ని ఆకుల సందులలో దూరి నేలను తాకి వెనుదిరుగును. ఆ రాకల నడిమి కాలభేదమునుండియే చెట్టు ఎత్తు తేలును. ఆకురాల్చు నల్లమలవంటి అడవిలో మోడువారిన వేసవియందు నేల మరింత స్పష్టముగ దొరకును. నార్వేవంటి దేశములలో లేజరుతో అడవిని కొలుచుట యేండ్లుగా నిత్యకృత్యము. అయినను ఎర్రచందనపు విలువయంతయు చేవలో నున్నది. ఆ చేవ యెంతయో ఏ కిరణమును చెప్పజాలదు.

ఐనను రాయలసీమకు కలపలెక్కకంటె నీటిలెక్క ముఖ్యమని నా మతము. చినుకు ఏ వాలున జారునో, ఏ వంకకు అడ్డుకట్ట వేసిన ఊటబావులు నిండునో లేజరు గీచిన నేలపటము జేనలలో చూపగలదు. అడవులలో నీటిని, మేతను పెంచుటకై కేంద్రప్రభుత్వము 26 రాష్ట్రములలో వాప్‌కోస్ సంస్థచే నిట్టి సర్వేయే తలపెట్టి, 2021 జూనులో పది రాష్ట్రముల నివేదికలను వెలువరించినది. ఆ పదింటిలో ఆంధ్రప్రదేశము లేదు.